పిట్టల గింజలు ఉడుత పాలు కాకుండా

హనుమకొండ

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

పిచ్చుకలకని పెట్టిన నూకలన్నీ ఉడుతే తినేస్తోందని మొన్న ఫోనులో ఏడ్చినంత పని చేశారు. నోటిమాటగా చెబితే మరిచిపోతారని రాస్తున్నాను.

ముందు నా తప్పు వినండి. గింజల పళ్లెం నిలబెట్టిన ఇనుప గొట్టానికి ఒకసారి గ్రీజు పూశాను. ఉడుత జారిపోయింది, నిజమే. కానీ సాయంత్రానికి దాని పొట్ట మీది బొచ్చంతా జిడ్డుతో ముద్దకట్టింది. పాపం, నాక్కుంటూ కూర్చుంది. అదే జిడ్డు పిట్ట రెక్కకు అంటితే ఎగరడమే కష్టం. అప్పటికప్పుడు గొట్టాన్ని బూడిదతో తోమేశాను. మీరు ఆ పని చేయకండి. ఎలుకల మందు అసలే వద్దు, ఆ మందు తిన్న ఎలుకను తింటే గుడ్లగూబ కూడా చావొచ్చు.

ఉడుతను ఆపాలంటే అది వచ్చే దారిని చూడాలి. గోరు గుచ్చుకునే చోటల్లా అది పాకుతుంది. నున్నటి రేకు మీద గోరు నిలవదు. అందుకే పాత నూనె డబ్బా రేకును గరాటులా చుట్టి, వెడల్పు మూతి కిందికి ఉండేలా గొట్టానికి బిగించాను. అంచు తప్పకుండా మడవాలి, లేకపోతే కోసుకుంటుంది. పాకి వచ్చిన ఉడుత ఆ గొడుగు కింద దారి లేక దిగిపోయింది. మూడు రోజులు నిశ్చింత. నాలుగో రోజు జామకొమ్మ మీది నుంచి నేరుగా పళ్లెంలోకి దూకింది! గొట్టాన్ని చెట్టుకూ గోడకూ దూరంగా నడి వాకిట్లోకి మార్చాకే కుదుటపడింది. గింజలకు ప్లాస్టిక్ డబ్బాలు వాడకండి. ఉడుత ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీయడానికి అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి.

ఇంకొక ఉపాయం మిరపకారం. కారం తగిలితే మంట పుట్టించే గ్రాహకం మనకూ ఉడుతకూ ఎలుకకూ ఉంది. పిట్టల్లో అది కారానికి స్పందించదు, అందుకే చిలుక పండుమిరపను హాయిగా తింటుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్తకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అయితే మన వరంగల్ చపాట మిరప దీనికి పనికిరాదు. 2025లో భౌగోళిక గుర్తింపు (ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అనే ముద్ర) పొందిన ఆ కాయకు రంగే ఎక్కువ, కారం తక్కువ. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే తేజ రకం అయితే సరిపోతుంది, దానికి కారం ఎక్కువ. పొడి గాలికి లేచి కళ్లలో పడకుండా నూకలకు చెంచాడు నూనె పట్టించి కలపండి. ఆ పని అమ్మ చేత చేయించండి.

ఎలుకలు చీకటి పడ్డాక వస్తాయి. పొద్దుగూకే లోపు కింద రాలిన గింజలు ఊడ్చేయండి.

ఉడుత కడుపు మాడ్చడం నాకు ఇష్టం లేదు. రోజూ పొద్దున జామచెట్టు మొదట్లో దానికి నాలుగు పల్లీలు వేస్తున్నాను. వేసవి సెలవులకు రండి, ఆ పల్లీలు మీ చేతులతోనే వేద్దురుగాని. అప్పటికి పిచ్చుకల కోసం కొత్త వరికంకుల గుత్తి కట్టి, చూరుకు సన్నటి తీగతో వేలాడదీసి ఉంచుతాను.

మీ అమ్మమ్మ