పిల్లలకు టైమ్ ఇవ్వలేకపోతున్నామని బాధపడేవాళ్లకు

"మేడమ్, వాడికి టైమ్ ఇవ్వలేకపోతున్నాం." పిల్లల కౌన్సెలింగ్‌కి నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అనే మాట ఇదే. అంటూనే కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లులున్నారు.

అపోహ: పిల్లలు దగ్గరవ్వాలంటే వాళ్ల కోసం రోజూ గంటో రెండు గంటలో విడిగా తీసిపెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. నూనె రాసి జడ వేసే పది నిమిషాలు, స్నానం, అన్నం కలిపి ముద్దలు పెట్టడం, బండి మీద బడికి దింపే దారి. ఆ టైమ్ అంటే ఇవే. మీ ఇంట్లో ఇవన్నీ రోజూ జరుగుతూనే ఉన్నాయి. కాకపోతే అప్పుడు "తొందరగా, తొందరగా" తప్ప ఇంకో మాట ఉండట్లేదు. చేతిలో ఉన్నవి వదిలేసి ఆదివారం కోసం చూస్తారు. తీరా ఆదివారం మాల్‌కి వెళ్తే పిల్లలు ఆటల దగ్గర, పెద్దలు ఫోన్లలో.

రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే ఒక తండ్రి, ఆరేళ్ల పాప తన దగ్గరికే రావట్లేదని వచ్చారు. పొద్దున పాప షూ లేసులు కట్టే పని మాత్రం ఆయనదే. ఆ రెండు నిమిషాలు ఫోన్ లోపలి గదిలో పెట్టి, కింద కూర్చుని, పాప ఏం చెప్తే అది వినమన్నాను. హోంవర్క్ సంగతి అసలే ఎత్తొద్దన్నాను. మూడో వారంలో అనుకుంటా, కట్టిన లేసు పాపే విప్పేసి మళ్లీ కాలు చాపిందట. ఆ మాట చెప్తుంటే ఆయన గొంతు పూడుకుపోయింది.

1970ల్లో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్, బిడ్డను ఆడిస్తున్న తల్లిని రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నారు. బిడ్డ నవ్వి చూసింది, చేతులు చాపింది, చివరికి ముఖం తిప్పేసుకుంది. ఫోన్ చూస్తున్నప్పుడు మన ముఖం పిల్లలకు దాదాపు అలాగే కనిపిస్తుంది. అలాగని టెన్షన్ పడొద్దు. చక్కగా ఉన్న తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా అందేది మొత్తం సమయంలో మూడో వంతేనని చెప్పిందీ ఆయనే. మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ కలుపుకోవడం. కసురుకున్నారా, కాసేపాగి దగ్గరికి తీసుకోండి.

ఇక తల్లి ఉద్యోగానికి వెళ్తే బిడ్డ దూరమైపోతుందని వాట్సాప్‌లో తిప్పే మాట. దీన్ని దయచేసి ఎవరికీ పంపకండి. అమెరికాలో 1991లో మొదలుపెట్టి 1,300 మందికి పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. వేరేవాళ్లు చూసుకున్నంత మాత్రాన తల్లితో బంధం సడలదని తేలింది.

"ఫోన్ పెట్టకపోతే తినదు" అంటారా? రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. లాక్కోకండి, ముందు ఒక్క పూట మీ కంచం పక్కన కూర్చోబెట్టుకోండి. మాటలు రాని పిల్లలతో ఏం మాట్లాడతామని అడుగుతారు. మాటలు వచ్చేదే అలా విని.

మా అమ్మకూ తీరిక ఉండేది కాదు. ఐదుగురికి వంట, ఆపైన కుట్టుమిషన్. గోరుచిక్కుళ్లు ఈనెలు తీసేటప్పుడు మాత్రం చేట సగం నా వైపు జరిపేది. బడిలో ఎవరు కొట్టారో, ఎవరితో కటీఫ్ అయిందో అన్నీ అక్కడే చెప్పేదాన్ని. లెక్కల్లో తప్పిన సంగతీ ఆ చేట ముందే చెప్పాను. అమ్మ కాయ తుంచుతూనే "ఊఁ, తర్వాత?" అంది.