గాజుల సైజు, రైలు పట్టాలు

గుంతకల్లు నుంచి,
చిన్నోడికీ పాపకూ,

దసరా సెలవుల్లో బొమ్మ రైళ్ల కోసం మీరిద్దరూ కొట్టుకున్నారే, గుర్తుందా? "నా రైలు పాప రైలు పట్టాల మీద ఎందుకు పోదు జేజినాయనా?" అని చిన్నోడు అడిగితే నిద్రమత్తులో ఏదో చెప్పి తప్పించుకున్నా. ఇప్పుడు చెప్తా వినండి.

మీ జేజి గాజులంగడికి పోతే అంగడాయన చెయ్యి చూడగానే "రెండూ ఎనిమిది" అంటాడు. పాపకైతే "రెండూ రెండు". అంగుళాన్ని రూపాయి అనుకుంటే, అందులో పదహారో వంతు అణా. "రెండూ ఎనిమిది" అంటే రెండు అంగుళాల ఎనిమిదణాలన్నమాట, గాజు లోపలి అడ్డకొలత. ఈ లెక్క ఉంది కాబట్టే ఏ ఊళ్లో కొన్నా గాజు చేతికెక్కుతుంది. లేకపోతే జేజి పండగపండక్కీ చేతులు మార్చుకోవాల్సిందే.

బొమ్మ రైళ్లకూ ఒకప్పుడు ఎవరి కొలత వాళ్లదే. జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్లో మార్క్లిన్ కంపెనీ ఉంది. 1859లో బొమ్మల వంటింటికి రేకు సామాన్లు చేస్తూ మొదలైంది. మన లక్కపిడతల్లాంటివే, కాకపోతే రేకువి. వాళ్లు 1891లో లైప్‌జిగ్ సంతలో కీ ఇస్తే పరిగెత్తే రైలు పెట్టి, పట్టాలకు నంబర్లతో సైజులు కట్టారు. ఒకటో నంబరుకు పట్టాల నడుమ 45 మిల్లీమీటర్లు. ఆ తర్వాత వచ్చిన సున్నా నంబరుకు 32. ఈ ఏడు ఇంజన్ కొంటే వచ్చే ఏడు పెట్టె, ఆ పై ఏడు స్టేషన్. నాయన జేబు ఏటేటా ఖాళీ! వ్యాపారమంటే అదీ. ఇక్కడ పట్టా గాజు, రైలు చెయ్యి... కాదులే, చేతికి గాజు ఎక్కుతుంది, ఇక్కడేమో రైలే పట్టా ఎక్కుతుంది. ఇంకా లాగితే గాజు పగిలేట్టుంది, వదిలేద్దాం.

మా చిన్నప్పుడు నిజం రైళ్లకే ఈ తిప్పలు. మద్రాసు నుంచి బొంబాయి పోయే లైను 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి, ధర్మవరం మీదుగా బెంగళూరు పోయేది 1000 మిల్లీమీటర్ల మీటర్‌గేజి. రెండూ ఇక్కడే కలిసేవి, కానీ ఒకదాని బండి ఇంకోదాని మీద నడవదు. చిన్న వ్యాగన్లోంచి పెద్ద వ్యాగన్లోకి సరుకంతా హమాలీల వీపు మీదే మారాలి. బుడ్డల మూట చిరిగిందా, మాకు పండగే.

నాకూ ఒక కీ రైలుండేది, మా మామ బొంబాయి నుంచి తెచ్చింది. రంగు పోయిందని, తలుపుకు వేయగా మిగిలిన పచ్చ పెయింటు పూశాను. ఎంత మురిసిపోయానో! పెద్దయ్యాక బెంగళూరులో పాత బొమ్మలు సేకరించే ఒకాయనకు చూపిస్తే, తిరగేసి అడుగు చూసి, చల్లగా నా చేతిలో పెట్టాడు. "తుప్పు పట్టినా కొనేవాణ్ణి సార్, తలుపు రంగు పూశారే" అన్నాడు. వాళ్లకు కంపెనీ వేసిన రంగే కావాలి, చిరిగిన అట్టపెట్టెకూ విలువే. ఇంకో వింత చూపించాడు. 1930ల నాటి పోత ఇంజనొకటి, ఎవరూ ముట్టకుండానే ఉబ్బి పగుళ్లిచ్చింది. పోత పోసేటప్పుడు జింకులో కాస్త సీసం కలిస్తే చాలట, ఏళ్లు గడిచాక బెల్లంగడ్డలా విరుగుతుంది. బీరువాలో ఊరికే కూర్చున్న ఇనప్పెట్టె లాంటి వస్తువు అలా ఎలా పగులుతుందో, ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన.

చిన్నోడా, రెండు రైళ్ల పట్టాలూ పక్కపక్కన పెట్టి, లోపలి అంచు నుంచి లోపలి అంచుకు స్కేలుతో కొలువు. రెండు లెక్కలూ కార్డు మీద రాసి పంపు. పాపా, వాడు స్కేలును సున్నా దగ్గర్నుంచే పెట్టాడో లేదో నువ్వు చూడు.

మీ జేజినాయన