ఏడో నెలలో ఇంకో ఇంజెక్షన్ ఎందుకు?

కడుపుతో ఉన్న అమ్మాయికి ఏడో నెల వచ్చేసరికి ప్రైవేటు ఆస్పత్రిలో డాక్టరు ఇంకో టీకా రాస్తారు. టీడాప్ అని, ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ఈ మూడింటికీ కలిపి. ధర వెయ్యి రూపాయలు దాటుతుంది. అప్పటికే పీహెచ్‌సీలోనో అంగన్‌వాడీలోనో ఏఎన్ఎం ఉచితంగా వేసిన, వాటిలో మొదటి రెండింటికి పనిచేసే టీడీ ఇంజెక్షన్ ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) రాసి ఉంటుంది. ఇంటికొచ్చాక చర్చ మొదలవుతుంది. మా రోజుల్లో రెండు టీటీ సూదులతో సరిపోయింది, ఇప్పుడివన్నీ ఏంటని అత్తగారు అంటారు, డబ్బు కోసం రాశారేమోనని భర్త అనుమానపడతాడు, కడుపుతో ఉన్నప్పుడు ఏ టీకా వేయించుకోవద్దంటూ ఫ్యామిలీ గ్రూపులో ఎవరో వీడియో పెడతారు. చివరికి టెన్షన్ అంతా ఆ అమ్మాయికే.

ఆమె భయాన్ని కొట్టిపారేయడం తప్పు. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ అనే మందును నిద్ర పట్టడానికని, వేవిళ్లు తగ్గడానికని చాలా దేశాల్లో గర్భిణులకు ఇచ్చారు. 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకునేలోపు పదివేల మందికి పైగా పిల్లలు చేతులో కాళ్లో సరిగ్గా ఎదగకుండా పుట్టారు. గర్భంతో ఉన్నప్పుడు అవసరం లేని మందు వద్దనే జాగ్రత్త అక్కడి నుంచే గట్టిపడింది, అది సరైన జాగ్రత్తే. కానీ టీకా విషయంలో ‘వద్దు’ అని ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ఒక ప్రమాదం ఉంది, ఆ ప్రమాదం ఎంతో తెలియకుండా రెండోవైపు మాత్రమే చూస్తే లెక్క తేలదు.

ముందు, సూదిలో ఉన్నది ఎక్కడికి పోతుందో చూద్దాం. టీడాప్‌లో బతికున్న సూక్ష్మజీవి ఏదీ లేదు. ధనుర్వాతం, కంఠసర్పి బ్యాక్టీరియాలు విడుదల చేసే విషాన్ని హాని చేయలేని రూపంలోకి మార్చి పెడతారు, కోరింత దగ్గు బ్యాక్టీరియా నుంచి తీసిన కొన్ని ప్రొటీన్లు కలుపుతారు, రోగనిరోధక వ్యవస్థ గట్టిగా స్పందించడానికి కొద్దిగా అల్యూమినియం లవణం ఉంటుంది. ఇవి భుజం కండరంలో, ఆ చుట్టుపక్కల ఉన్న లింఫు గ్రంథుల్లో తల్లి రోగనిరోధక కణాల కంటపడతాయి. దాదాపు రెండు వారాల్లో తల్లి రక్తంలో యాంటీబాడీలు బాగా పెరుగుతాయి. బిడ్డకు చేరాల్సినవి ఈ యాంటీబాడీలే.

అవి చేరే తీరు నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు, మధ్యలో మాయలో (ప్లసెంటాలో) ఒక కణాల పొర అడ్డంగా ఉంటుంది, పెద్ద ప్రొటీన్లను అది చాలావరకు ఆపేస్తుంది. ఐజీజీ రకం యాంటీబాడీలకు మాత్రం ఆ కణాల్లో ప్రత్యేకంగా ఒక గ్రాహకం ఉంది, అది ఒక్కో అణువునూ పట్టుకుని అటువైపు బిడ్డ రక్తంలోకి వదులుతుంది. మూడో నెల దాటాక కొద్దికొద్దిగా మొదలయ్యే ఈ రవాణా ఏడో నెల తర్వాత బాగా జోరందుకుంటుంది, ఎంతగా అంటే నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఈ యాంటీబాడీలు తల్లిలో కన్నా ఎక్కువగా ఉండటం మామూలే. అంటే ఆ తల్లికి జీవితంలో ఎదురైన జబ్బుల జ్ఞాపకం కొన్ని నెలల పాటు బిడ్డను కాపాడుతుంది. నెలా నెలన్నరకు సగం చొప్పున ఆ యాంటీబాడీలు తగ్గుతూ పోతాయి, ఈలోగా బిడ్డకు సొంత టీకాలు మొదలవుతాయి. టీడాప్‌ను 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకోమనడానికి కారణం ఇదే: యాంటీబాడీలు తయారయ్యే సమయం, మాయ వాటిని ఎక్కువగా పంపే సమయం ఒకదానికొకటి కలిసిరావాలి.

ఈ పద్ధతి కొత్తదేం కాదు, మన అమ్మమ్మలకు వేసిన టీటీ చేసిన పని కూడా ఇదే. ధనుర్వాతం బ్యాక్టీరియా బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి. ఇంట్లో కాన్పు చేసి, శుభ్రం చేయని బ్లేడుతోనో కొడవలితోనో బొడ్డుతాడు కోసి, దానికి బూడిదో పేడో అద్దితే ఆ బీజాలు నేరుగా పసికందు ఒంట్లోకి వెళ్తాయి. రెండు మూడు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ వారం తిరిగేసరికి చప్పరించడం మానేస్తుంది, దవడలు బిగుసుకుపోతాయి, ముట్టుకున్నా చప్పుడైనా ఒళ్లంతా కొయ్యబారిపోతుంది. 1988లో ఆ ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 7,87,000 మంది నవజాత శిశువులు ఇలా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. 1960ల్లో కొలంబియా పల్లెల్లో జరిగిన పరీక్షలో, రెండు లేదా మూడు డోసులు తీసుకున్న తల్లుల పిల్లల్లో ధనుర్వాతంతో ఒక్కరు కూడా చనిపోలేదు. మన దేశంలో 1983 నుంచి గర్భిణులకు టీటీ జాతీయ కార్యక్రమంలో ఉంది. కాన్పులు ఆస్పత్రులకు మారడం, టీటీ, రెండూ కలిసి ఎంత పని చేశాయంటే 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటగా నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా నిలిచింది, 2015కు దేశమంతా ఆ స్థాయికి చేరింది. ఇక్కడ నిర్మూలన అంటే ప్రతి జిల్లాలోనూ వెయ్యి కాన్పులకు ఒక్క కేసు కన్నా తక్కువ అని అర్థం. మట్టిలో బీజాలు అలాగే ఉన్నాయి, కాబట్టి సూది ఆగితే జబ్బు మళ్లీ వస్తుంది. 2019 నుంచి టీటీ స్థానంలో, కంఠసర్పికి కూడా పనిచేసే టీడీ ఇస్తున్నారు: గర్భం తెలియగానే ఒకటి, నాలుగు వారాల తర్వాత ఒకటి, మూడేళ్లలోపే మళ్లీ గర్భం వస్తే ఒక్క బూస్టరు చాలు. దీని విషయంలో నేను మరోమాటకు తావివ్వను. టీడీ వేయించుకోవాలి.

మరి టీడాప్? టీడీలో లేనిది ఇందులో ఉన్నది కోరింత దగ్గు భాగం. పెద్దవాళ్లకు కోరింత దగ్గంటే వారాల తరబడి వదలని దగ్గు, అంతే. రెండు నెలలు నిండని బిడ్డకు అది వేరే జబ్బు. అంత చిన్న పిల్లలు చాలాసార్లు గట్టిగా దగ్గను కూడా దగ్గరు, ఊపిరి ఆగి నీలంగా మారిపోతారు. మన దగ్గర బిడ్డకు కోరింత దగ్గు మీద మొదటి టీకా, ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావలెంట్‌లో, ఆరో వారంలో పడుతుంది, తర్వాత పదో వారం, పద్నాలుగో వారం. పుట్టిన రోజు నుంచి ఆ మొదటి సూది పనిచేయడం మొదలయ్యేదాకా బిడ్డకు సొంత రక్షణ ఏమీ ఉండదు, జబ్బు చంపేది ఎక్కువగా ఆ వారాల్లోనే. తల్లి చిన్నప్పుడు టీకా వేయించుకున్నా లాభం లేదు, కోరింత దగ్గు యాంటీబాడీలు త్వరగా పడిపోతాయి, అందుకే ప్రతి గర్భంలోనూ మళ్లీ వేయించుకోమంటారు.

బ్రిటన్ అనుభవం చూడండి. 2012లో కోరింత దగ్గు విజృంభించి ఇంగ్లండ్, వేల్స్‌లలో 14 మంది పసిపిల్లలు చనిపోయారు. ఆ అక్టోబరులోనే గర్భిణులకు టీకా మొదలుపెట్టారు, మొదట అది తాత్కాలిక ఏర్పాటే. తల్లి టీకా వేయించుకుంటే మూడు నెలల లోపు పిల్లల్లో జబ్బు 90 శాతం దాకా తగ్గుతోందని తేలింది. నెలలు నిండకుండా పుట్టే పిల్లలకు కూడా అందాలని 2016లో పదహారో వారం నుంచే ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాతి ఏళ్లలో వేయించుకునేవాళ్లు తగ్గి 60 శాతం దరిదాపులకు పడిపోయారు, 2024లో జబ్బు మళ్లీ పెద్ద ఎత్తున వచ్చినప్పుడు ఇంగ్లండ్‌లో పదిమందికి పైగా శిశువులు చనిపోయారు. మన దేశంలో ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫాగ్సీ రెండో టీడీ డోసు బదులు టీడాప్ వేయించుకోవచ్చని చెబుతోంది, కానీ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది టీడీ మాత్రమే. పీహెచ్‌సీలో కాన్పయ్యే తల్లి బిడ్డకూ అవే ఆరు వారాలు ఉంటాయి కదా అని నాకు బాధగా ఉంటుంది. ఆ డబ్బు పెట్టలేనివాళ్లు టీడీ రెండు డోసులూ పూర్తి చేసి, బిడ్డకు ఆరో వారం టీకాను ఒక్క రోజు కూడా వాయిదా వేయకుండా, దగ్గుతున్నవాళ్లెవరినీ బిడ్డ దగ్గరికి రానివ్వకుండా చూసుకోవాలి.

ఫ్లూ టీకా సంగతి కూడా ఇలాంటిదే, అది ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ఢాకాలో 340 మంది తల్లులతో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి: నెలలు నిండే సమయంలో ఫ్లూ టీకా తీసుకున్న తల్లుల పిల్లల్లో పరీక్షలో తేలిన ఫ్లూ 63 శాతం తగ్గింది. ఆరు నెలల లోపు పిల్లలకు నేరుగా ఇచ్చే ఫ్లూ టీకా లేదు, తల్లి ద్వారా అందితేనే.

ఇప్పుడు అసలు భయానికి వద్దాం. వేయించుకున్న వారానికే గర్భం పోయిందని ఎవరో చెబుతారు. ఆమె బాధ నిజం, ఆమె చెప్పిన వరసా నిజం. అయితే నిర్ధారణ అయిన గర్భాల్లో ఏ టీకా లేకుండానే 10 నుంచి 20 శాతం పోతాయి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. పుట్టే పిల్లల్లో వందకు ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పెద్ద లోపం ఎలాగూ ఉంటుంది. వెయ్యి మంది గర్భిణులకు రెండో నెలలో ఉత్త ఉప్పునీటి సూది వేసినా, తర్వాతి వారాల్లో పదుల మందికి గర్భం పోతుంది, వాళ్లలో చాలామందికి ఆ సూదే గుర్తొస్తుంది. కారణం సూదేనా అని తేల్చాలంటే వేయించుకోనివాళ్లలో ఎంతమందికి అలా జరిగిందో పక్కన పెట్టి చూడాలి, వేరే దారి లేదు. టీటీ, టీడాప్, ఫ్లూ టీకాలను దశాబ్దాలుగా లక్షలాది గర్భాల్లో ఇలా పోల్చి చూశారు, గర్భస్రావాలు గానీ లోపాలు గానీ పెరగలేదు. భుజం నొప్పి, ఒకటి రెండు రోజులు ఒంటి నొప్పులు, కొద్దిగా జ్వరం మాత్రం ఉంటాయి. జ్వరం వస్తే డాక్టరును అడిగి తగ్గించుకోవాలి.

ఇలాంటి పోలికలు ఎప్పుడూ టీకాకు అనుకూలంగానే తేలతాయని అనుకోకండి. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, దానికి గర్భిణులకు ఇచ్చే టీకాను రెండు కంపెనీలు తయారు చేశాయి. జీఎస్‌కే వాళ్ల పరీక్షలో టీకా తీసుకున్నవాళ్లలో 6.8 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 4.9 శాతం మందికి నెలలు నిండకుండా కాన్పయింది. ఆ తేడా కనబడగానే 2022లో గర్భిణులకు ఇవ్వడం ఆపేశారు, ఆ టీకా గర్భిణుల కోసం రాలేదు. ఫైజర్ టీకాలో అంత తేడా తేలకపోయినా, 2023లో అమెరికా అనుమతి ఇచ్చేటప్పుడు జాగ్రత్త కోసం 32 నుంచి 36 వారాల మధ్యే ఇవ్వాలని షరతు పెట్టింది. టీకా మీద నమ్మకం కుదరాలంటే నాకైతే ఇలా ఆగిపోయిన టీకా కథే ఎక్కువ ఉపయోగపడింది.

గర్భిణులను పరీక్షలకు దూరంగా పెడితే ఏమవుతుందో 2021లో చూశాం. కోవిడ్ టీకా పరీక్షల్లో మొదట వాళ్లను చేర్చుకోలేదు, సమాచారం లేదు కాబట్టి జనవరిలో మొదలైన టీకా కార్యక్రమంలోనూ చేర్చలేదు. ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ వచ్చింది. కోవిడ్ సోకిన గర్భిణులు, బాలింతల్లో మరణాలు మొదటి వేవ్‌లో 0.7 శాతం ఉంటే రెండో వేవ్‌లో 5.7 శాతమని ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. గర్భిణులకు టీకా అనుమతి జులై 2న వచ్చింది. కాపాడుతున్నామనుకుని వాళ్లను బయట నిలబెట్టాం, ఇది తలచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది.

గర్భంలో వద్దనే టీకాలూ ఉన్నాయి. బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసినవి, అంటే తట్టు-రుబెల్లా, ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు, కడుపుతో ఉన్నప్పుడు ఇవ్వరు. వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోమంటారు. తెలియక వేయించుకున్నవాళ్లు హడలిపోయి గర్భం తీయించుకోవాలనుకుంటారు, అలా చేయకండి. అమెరికాలో 1971 నుంచి 1989 దాకా ఇలా పొరపాటున రుబెల్లా టీకా పడిన తల్లుల వివరాలు సేకరిస్తే, పిల్లల్లో ఒక్కరికీ రుబెల్లా వల్ల వచ్చే లోపాలు కనిపించలేదు. అసలు ప్రమాదం రుబెల్లా జబ్బుది, మొదటి నెలల్లో సోకితే బిడ్డ కళ్లు, చెవులు, గుండె దెబ్బతింటాయి. 2017 ఆగస్టులో ఏపీ, తెలంగాణ బడుల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ తట్టు-రుబెల్లా టీకా వేశారు, అప్పటి తొమ్మిది, పదో తరగతి అమ్మాయిలే ఇప్పుడు మొదటి కాన్పులకు వస్తున్నారు. అది వేయించుకోనివాళ్లు పెళ్లికి ముందే వేయించుకుంటే మంచిది, కుదరకపోతే కాన్పయ్యాక, పాలిస్తున్నప్పుడు కూడా వేయించుకోవచ్చు.

కుక్క కరిస్తే మాత్రం నెలలు లెక్కపెట్టకూడదు. రేబిస్ వచ్చాక వైద్యం లేదు, టీకాలో బతికున్న వైరస్ లేదు. గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి, డాక్టరు చెబితే ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా తీసుకోవాలి, ఏ నెల అయినా సరే.

కాబట్టి డాక్టరును ‘సేఫేనా’ అని ఒక్క ముక్క అడిగి ఊరుకోకండి. ఇది ఏ జబ్బుకు, అది నాకు ప్రమాదమా బిడ్డకా, ఇందులో బతికున్న వైరస్ ఉందా, ఏ వారంలో వేయించుకుంటే ఎక్కువ ఉపయోగం అని అడగండి. ముందు టీకా తర్వాత ఎలర్జీతో ఇబ్బంది పడి ఉంటే అదీ చెప్పండి. ఎంసీపీ కార్డు వెంట తీసుకెళ్లండి, ప్రైవేటులో వేయించుకున్న టీడాప్‌ను కూడా అందులో తేదీతో రాయించండి, లేకపోతే పుట్టింటికి వెళ్లాక అక్కడి ఏఎన్ఎంకు మీకేం పడ్డాయో తెలియదు. ఇంట్లో మిగతావాళ్ల సంగతి కూడా చూడాలి. కూతురి కాన్పు కోసం డాలస్‌కో న్యూజెర్సీకో బయల్దేరే అమ్మానాన్నలను టీడాప్, ఫ్లూ టీకాలు వేయించుకుని రమ్మని అక్కడి పిల్లల డాక్టర్లు అడుగుతుంటారు. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకుంటే, బిడ్డను చేతుల్లోకి తీసుకునేసరికి వాళ్లలో రక్షణ తయారై ఉంటుంది.