మారేడుమిల్లి, పాపికొండల అడవిలో నడక: అపోహలు - వాస్తవాలు

రాజమండ్రి నుంచి చిన్న చిన్న బృందాలను మారేడుమిల్లి అడవిలో నడకకు తీసుకెళ్లడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసినవాళ్లు ముందుగా అడిగేది పులి గురించే. వాగు గురించి ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. ఇక్కడ ప్రాణాలు తీస్తున్నది మాత్రం వాగే. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: అడవిలో భయపడాల్సింది పులికి.

పాపికొండలను 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ అడవిలో పులి, చిరుత, అడవిదున్న ఉన్నమాట నిజమే. కానీ మనిషి అలికిడి వినగానే అవి పక్కకు తప్పుకుంటాయి. ఇన్నేళ్లలో నాకు పులి ఒక్కసారీ కనపడలేదు.

జాగ్రత్త పడాల్సింది ఎలుగుబంటితో. దాని చూపు అంతంతమాత్రం. ముక్కు మట్టిలో పెట్టి చెదపుట్ట తవ్వుకునేటప్పుడు మనం వస్తున్న సంగతి దానికి తెలియదు. తీరా దగ్గరికి వెళ్లాక బెదిరి మీద పడుతుంది. ఇప్ప పువ్వు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తెల్లవారుజామున పువ్వు ఏరుకోడానికి గూడెం వాళ్లూ, తినడానికి ఎలుగులూ ఒకే చెట్టు కిందికి చేరతారు.

ఒకసారి మా ముందు నడుస్తున్న కొండరెడ్డి తెగ పెద్దాయన పుట్ట దగ్గర ఆగి, తవ్వి పోసిన మట్టిని వేళ్లతో నలిపాడు. ఎండకు ఆరలేదు, ఇంకా చల్లగా, తడిగా ఉంది. "ఇప్పుడే పోయింది బాబూ. మాటాడుకుంటా రండి" అన్నాడు. మేం చేయాల్సింది అంతే. నలుగురూ మామూలుగా మాట్లాడుకుంటూ నడిస్తే చాలు, స్పీకరులో పాటలు అక్కర్లేదు.

అపోహ: వాన పడకపోతే వాగులో దిగొచ్చు.

మన నెత్తిన వాన పడకపోయినా పైన కొండల మీద పడి ఉండొచ్చు. ఆ నీళ్లన్నీ సన్నటి లోయలోకి ఒక్కసారిగా దిగుతాయి. ఇక్కడ మనకు ఎండ కాస్తూనే ఉంటుంది.

ఒక సెప్టెంబరులో పాములేరు ఒడ్డున బండల మీద కూర్చుని పులిహోర తింటున్నాం. అడుగున గులకరాళ్లు కనపడేంత తేటగా ఉన్నాయి నీళ్లు. కాసేపటికి ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకురావడం చూశాను. నీళ్లు టీ రంగులోకి మారుతున్నాయి. వాగు చప్పుడు కూడా కాస్త బరువెక్కింది. తినడం ఆపి లేవమన్నాను. ఇద్దరు విసుక్కున్నారు కూడా. మేం గట్టు ఎక్కి సంచులు సర్దుకునేలోపే, కూర్చున్న బండ మీదుగా నీళ్లు పారుతున్నాయి.

ఆ మూడు గుర్తులే నేను అందరికీ నేర్పిస్తాను: చెత్త ఎక్కువవడం, రంగు మారడం, చప్పుడు మారడం. వీటిలో ఒక్కటి కనపడినా మీరున్న వైపు గట్టునే పైకి ఎక్కండి. వస్తువులు అవతల ఉన్నాయని వాగు దాటొద్దు. మోకాలి లోతు నీళ్లే అయినా, వేగంగా పారితే పెద్దవాళ్లను కూడా పడగొట్టేస్తాయి.

"నాకు ఈత వచ్చు" అనేవాళ్లతోనే నాకు ఎక్కువ టెన్షన్. చెరువులో నేర్చుకున్న ఈత జలపాతం కింద పనికిరాదు. అక్కడ నీళ్లు మనిషిని కిందికి లాగి బండల సందుల్లోకి తోస్తాయి. పాకుడు పట్టిన రాతి మీద ఎంత ఖరీదైన బూటైనా జారుతుంది. 2024 సెప్టెంబరులో జలతరంగిణి జలపాతం దగ్గర వైద్య విద్యార్థులు ఇలాగే కొట్టుకుపోయి చనిపోయారు. చదువుకున్న పిల్లలు, కలిసి సరదాగా వచ్చారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

పెద్ద గోదావరి సంగతీ అంతే. పాపికొండల మధ్య నది బాగా ఇరుకవుతుంది. వరద రోజుల్లో అక్కడ సుడులు ఎక్కువ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల మంది చనిపోయింది ఆ వరద రోజుల్లోనే. బోటు ఎక్కగానే లైఫ్ జాకెట్ వేసుకోండి, దిగేదాకా తీయొద్దు. ఫొటో కోసం కూడా తీయొద్దు.

అపోహ: నాలుగు కిలోమీటర్లే కదా, గంటలో వచ్చేస్తాం.

చదును నేల మీద గంటకు ఐదు కిలోమీటర్లు నడిచే మనిషికి, ప్రతి 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఇంకో గంట పడుతుందని కొండ నడకల్లో పాత లెక్క ఒకటి ఉంది. మన ఉక్కపోతలో దానికి ఇంకా కలుపుకోవాలి. పైగా లోయలో సూర్యుడు కొండ చాటుకు త్వరగా వెళ్లిపోతాడు. అందుకే మధ్యాహ్నం మూడింటికి ఎక్కడున్నా సరే నేను వెనక్కి తిప్పేస్తాను. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే ఫోన్లో దింపుకోండి, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి రండి.

అపోహ: పాము కరిస్తే పైన గుడ్డ బిగించి కట్టాలి.

కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. బిగించి కడితే రక్తం ఆడక ఆ కాలే పాడయ్యే ప్రమాదం ఉంది. కరిచిన కాలు కదలకుండా కర్ర ఆనించి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. అది ఎక్కడుందో నడక మొదలుపెట్టే ముందే కనుక్కోండి. మన దేశంలో తయారయ్యే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలకు పనిచేస్తుంది. ఈ కొండల్లో ఉండే గిరినాగు (కింగ్ కోబ్రా) దాని లెక్కలోకి రాదు. గిరినాగు మనిషిని కరవడం మాత్రం చాలా అరుదు. దాని తిండి ఇతర పాములే, మన జోలికి రాదు. కనపడితే దూరంగా నిలబడి దారి ఇవ్వండి.

జలగ పడితే కంగారు అక్కర్లేదు, గోటితో పక్కకు నెట్టి సబ్బుతో కడుక్కోండి. జ్వరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఊరికి వెళ్లిన రెండు వారాల తర్వాత వచ్చినా సరే, ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకు చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.

అపోహ: అడవి ఎవరిదీ కాదు, ఎటైనా వెళ్లొచ్చు.

జాతీయ పార్కు లోపలికి అనుమతి లేకుండా వెళ్లడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచితే, మనం ట్రెక్కింగ్ దారులనుకునే కాలిబాటలన్నీ కొండరెడ్లు, కోయలు పోడుకీ, సంతకీ, నీళ్లకీ వెళ్లే దారులు. వలమూరు దగ్గర ఊరివాళ్లే నడిపిన పర్యాటకం ఉంది. అలాంటిచోట స్థానిక గైడుని తప్పకుండా పెట్టుకోండి. పుట్ట మట్టి నలిపి చూడటం నాకు ఆ పెద్దాయనే నేర్పాడు.

బొంగు చికెన్ తిని, సీసాలు రాళ్ల మీద పగలగొట్టి వెళ్లేవాళ్లను ఎన్నోసార్లు చూశాను. పోయిన జనవరిలో పాములేరు ఒడ్డున మేం ఏరిన పెంకులు బియ్యం బస్తాలో సగం దాకా వచ్చాయి. మేం ఏరుతుండగా బిందెలతో నీళ్లకు వచ్చిన ఇద్దరు ఆడపిల్లల కాళ్లకు చెప్పులు లేవు. అప్పటినుంచి జీపు ఎక్కే ముందే అందరి సంచులూ చూస్తున్నాను. గాజు సీసా ఏదున్నా రాజమండ్రిలోనే దింపేస్తాను.