స్ట్రిప్పులో మిగిలిన ఏడు మాత్రలు

పలాస నుంచి వచ్చిన ఒక నడివయసు మహిళ చేతిసంచిలోంచి మాత్రల స్ట్రిప్పు తీసి నా బల్ల మీద పెట్టారు. పదింటిలో మూడే వాడారు, ఏడు మిగిలిపోయాయి. ఆమె జీడిపప్పు ఒలిచే పని చేస్తారు. వేళ్ల కొసలు జీడి రసానికి నల్లబడి ఉన్నాయి. ఆరు నెలలుగా గుండె దడ, అరచేతుల్లో చెమట, పిల్లలు బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, కాళ్లలో వణుకు. గుండె పరీక్షలు రెండుసార్లు చేయించినా ఏ లోపమూ బయటపడలేదు. చివరికి ఒక వైద్యుడు ఇది ఆందోళన రుగ్మత అని గుర్తించి ఎస్సిటలోప్రామ్ అనే మందు రాశారు. "మూడో రోజుకి గాబరా మరీ ఎక్కువైపోనాది డాక్టరుబాబూ. కడుపులో తిప్పీసేది. ఇది డిప్రెషన్ మందని మా ఆడపడుచు చెప్పినాది. మానీసినాను" అన్నారు.

రోగాన్ని గుర్తించడంలో గానీ మందు ఎంపికలో గానీ పొరపాటు లేదు. మందు మొదలుపెట్టేటప్పుడు చెప్పవలసిన నాలుగు మాటలు ఎవరూ చెప్పకపోవడమే ఆమెకు జరిగిన అన్యాయం.

మొదటిది పేరు గురించిన మాట. ఈ తరహా మందుల్లో తొలితరానికి చెందిన ఇమిప్రమిన్ కుంగుబాటుకు, అంటే డిప్రెషన్‌కు, పనిచేస్తుందని 1957లో వెల్లడైంది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే అమెరికాలో డొనాల్డ్ క్లైన్ అనే మనోవైద్యుడు, ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయాన్ని కూడా అది అదుపు చేస్తుందని గమనించారు. ముందు ఏ జబ్బుకు ఉపయోగపడిందో ఆ పేరే మందుకు స్థిరపడిపోయింది. జ్వరానికీ నొప్పికీ పుట్టిన ఆస్పిరిన్‌ను నేడు గుండె జబ్బుకు వాడుతున్నప్పుడు అది జ్వరం మందు కదా అని ఎవరూ బెదరడం లేదు కదా.

రెండోది, మొదటి రెండు వారాల గురించి. మెదడులోని ఒక నాడీకణం సెరటోనిన్‌ అనే, కబురు మోసే రసాయనాన్ని విడుదల చేసి, పని కాగానే తిరిగి పీల్చుకుంటుంది. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ వంటి మందులు ఆ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటాయి. ఈ పని మొదటి మాత్రతోనే మొదలవుతుంది. కానీ సెరటోనిన్ ఒక్కసారిగా పెరగగానే, దాన్ని విడుదల చేసే కణాలు తమ మీద ఉన్న గ్రాహకాల (ఆ రసాయనాన్ని గుర్తించే భాగాల) ద్వారా ఆ సంగతి పసిగట్టి వేగం తగ్గించుకుంటాయి. ఆ గ్రాహకాలు మెల్లగా మందగించి కొత్త సమతూకం ఏర్పడడానికి వారాలు పడుతుందన్నది శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పే వివరణ. మేలు కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఒక్కోసారి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి, విరేచనాలు, నిద్ర చెడడం, కొందరిలో గాబరా హెచ్చడం మాత్రం తొలి రోజుల్లోనే వస్తాయి. గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకున్నా ప్రాణం పోతుందేమోనని వణికే మనిషికి, ఈ మార్పులు జబ్బు ముదిరినట్టే తోస్తాయి. అందుకే ఎస్సిటలోప్రామ్ అయితే 5 మిల్లీగ్రాములు, సెర్ట్రలీన్ అయితే 25 మిల్లీగ్రాములతో ఆరంభించి, ఒకటి రెండు వారాల తర్వాత పెంచుతారు. లైంగిక ఇబ్బందులు మాత్రం మందు వాడినంత కాలం కొనసాగవచ్చు. రోగులు సిగ్గుతో చెప్పరు కనుక వైద్యులే అడగాలి.

రాసే ముందు అడగవలసినవీ ఉన్నాయి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇవే లక్షణాలు వస్తాయి. గతంలో ఎప్పుడైనా మితిమీరిన ఉత్సాహంతో నిద్రే అక్కర్లేకుండా రోజుల తరబడి తిరిగి ఉంటే ఈ మందు ఆ స్థితిని తిరగబెట్టవచ్చు. పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతపు రోగుల్ని నొప్పి మాత్రల గురించి నేను తప్పక అడుగుతాను. అసలే మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఆ ఊళ్లలో డైక్లోఫెనాక్ వంటివి చేటు చేస్తాయి. ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం ప్రమాదమూ పెరుగుతుంది. బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడే వృద్ధుల్లో ఈ మందు వల్ల రక్తంలో సోడియం పడిపోయి మనిషి తికమకపడవచ్చు. 25 ఏళ్లలోపు వారిలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు కనుక ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

చెప్పవలసిన మూడో మాట, అలవాటు పడిపోతామేమోనన్న భయం ఈ మందుల విషయంలో నిజం కాదని. ఆ భయం అల్ప్రజోలామ్ అనే, గాబరాను వెంటనే తగ్గించే మాత్ర విషయంలో ఉండాలి. అది గంటలో నెమ్మదింపజేస్తుంది కనుకనే మనిషి దానికి బానిస కావచ్చు. నాలుగోది, ఎస్సిటలోప్రామ్‌నైనా హఠాత్తుగా మానకూడదు. మానితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండడం జరగవచ్చు. నయమయ్యాక కూడా ఆరు నెలల నుంచి సంవత్సరం వరకు వాడి, మెల్లగా తగ్గించుకోవాలి. మాటలతో చేసే చికిత్స కూడా అంతే బలమైనది. అది తెలిసిన నిపుణులు మా జిల్లాలో అరుదు. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆమెకు అదే మందు, అరమాత్ర, భోజనం తర్వాత వేసుకోమని మళ్లీ ఇచ్చాను. చీటీ మీద పద్నాలుగో రోజు తేదీ రాసి చుట్టూ సున్నా చుట్టి, ఆ లోపు భరించలేనిది ఏదొచ్చినా ఫోన్ చేయమన్నాను. ఆ తేదీకి వచ్చారు. వికారం పోయింది, దడ మాత్రం అలాగే ఉందన్నారు. ఇప్పటికి అంతే ఉంటుందని చెప్పి, నిండు మాత్రకు పెంచాను.