గడ్డ ముందా, గుండెపోటు ముందా?

గుండెపోటు లక్షణాలతో వచ్చిన రోగికి ఏరియా ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, దాన్ని పెద్దాసుపత్రిలోని గుండె వైద్యుడికి పంపి, ఆయన సరేనన్న వెంటనే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను నరంలోకి ఎక్కించే పద్ధతి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇప్పుడు అమల్లో ఉంది. బయట దాదాపు నలభై వేల రూపాయలు పలికే ఈ మందును అక్కడ ఉచితంగా ఇస్తున్నారు. గుండె కండరానికి రక్తాన్ని తీసుకువెళ్లే కరోనరీ ధమనిలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించడం ఈ మందు చేసే పని. ఇంత సూటిగా కనిపించే ఈ ఆలోచన నిలదొక్కుకోవడానికి వైద్యలోకంలో సుమారు డెబ్బై ఏళ్లు పట్టింది. మధ్యలో కొంతకాలం చాలామంది నిపుణులు దాన్ని తోసిపుచ్చారు కూడా.

షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1912లో ప్రచురించిన వ్యాసంలో 55 ఏళ్ల రోగి ఒకరు కనిపిస్తారు. అంతవరకు ఆరోగ్యంగానే ఉన్న ఆ మనిషికి భోజనమైన గంటకు ఛాతీ కింది భాగంలో తీవ్రమైన నొప్పి మొదలైంది. తిన్నదేదో పడలేదనుకుని ఆయన గొంతు కెలుక్కుని వాంతి చేసుకున్నారు. నొప్పి మాత్రం తగ్గలేదు. 52 గంటల తరవాత ప్రాణం పోయింది. పోస్టుమార్టంలో ఎడమ కరోనరీ ధమని మొదట్లోనే గడ్డ దొరికింది. కరోనరీ ధమని మూసుకుపోతే మనిషి అక్కడికక్కడే చనిపోతాడని అప్పటి నమ్మకం. అలా మూసుకుపోయినా కొన్ని గంటలు, రోజులు, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతకవచ్చనీ, కాబట్టి ఈ జబ్బును రోగి బతికుండగానే గుర్తించవచ్చనీ హెరిక్ వాదించారు. కీవ్‌లో ఒబ్రజ్‌త్సోవ్, స్ట్రజెస్కో అనే వైద్యులు అంతకు రెండేళ్ల ముందే దాదాపు ఇదే మాట చెప్పారు. హెరిక్ మాటను మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈసీజీ యంత్రం వాడుకలోకి వచ్చాకే అది వైద్యుల్లో పాకింది.

గుర్తుపట్టడం వచ్చిందే గానీ, చేసే వైద్యం మాత్రం ప్రధానంగా మార్ఫిన్, మంచం పట్టించే విశ్రాంతిగానే చాలాకాలం ఉండిపోయింది. 1955లో డెన్వర్‌లో గుండెపోటుకు గురైన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఏడు వారాలు ఆసుపత్రిలోనే గడిపారు. 1960ల్లో వచ్చిన, గుండెపోటు రోగులను అనుక్షణం కనిపెట్టి చూసే కరోనరీ కేర్ యూనిట్లు, గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే విద్యుత్ షాక్ ఎందరినో కాపాడాయి. ధమనిలోని అడ్డు మాత్రం అలాగే ఉండేది, దాని దిగువన కండరం చచ్చిపోతూనే ఉండేది.

సరిగ్గా ఆ కాలంలోనే, శవపరీక్షలు చేసి జబ్బు కారణాలు వెతికే పాథాలజిస్టుల మధ్య వివాదం ముదిరింది. గుండెపోటుతో పోయినవారి ధమనుల్లో గడ్డ ఎంతమందికి దొరికిందన్న లెక్కలు ఒక్కో చోట ఒక్కో రకంగా వచ్చాయి. నిమిషాల్లో పోయినవారిలో అది అరుదుగా, రోజుల తరవాత పోయినవారిలో తరచుగా కనిపించేది. అందుచేత కండరం చచ్చి రక్తప్రవాహం మందగించిన తరవాతే గడ్డ ఏర్పడుతోందనీ, అది ఫలితమే తప్ప కారణం కాదనీ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లోని విలియం రాబర్ట్స్ వంటివారు వాదించారు. 1973లో స్వీడన్ పరిశోధకులు, ఆసుపత్రిలో చేరిన రోగుల రక్తంలోకి రేడియోధార్మిక ఫైబ్రినోజన్‌ను (గడ్డకట్టేటప్పుడు ఫైబ్రిన్ అనే పోగులుగా మారే రక్తంలోని ప్రొటీన్‌ను) ఎక్కించి, వారిలో చనిపోయినవారి ధమనుల్లోని గడ్డలను పరీక్షిస్తే అందులో ఆ రేడియోధార్మికత కనిపించింది. రోగి ఆసుపత్రికి వచ్చాకే గడ్డ కట్టిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలన్నారు. ఆ కొలతలో లోపం లేదు, దాన్ని అర్థం చేసుకున్న తీరులోనే ఉంది. ముందే ఉన్న గడ్డ మీద కొత్త ఫైబ్రిన్ పేరుకుంటూ పోతుందన్న సంగతిని వారు లెక్కలోకి తీసుకోలేదు. అసలు చిక్కు ఇంకోటి. ఈ వాదన అంతా చనిపోయినవారి సాక్ష్యం మీదే నడిచింది. బతికినవారి ధమనుల్లో ఆ మొదటి గంటల్లో ఏం జరిగిందో చూసినవారు లేరు. ధమనుల్లోకి రంగు ద్రవాన్ని పంపి ఎక్స్‌రే తీసే యాంజియోగ్రఫీని మేసన్ సోన్స్ 1958లోనే క్లీవ్‌లాండ్‌లో మొదలుపెట్టినా, నొప్పితో మెలికలు తిరుగుతున్న రోగికి అది చేయడం ప్రమాదమని అందరూ జంకారు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ పట్టణంలో మార్కస్ డివుడ్ బృందం జంకలేదు. గుండెపోటు మొదలై 24 గంటలు దాటని 322 మందికి యాంజియోగ్రఫీ చేసి 1980లో ఫలితాలు ప్రచురించింది. నాలుగు గంటల్లోపు చూసిన 126 మందిలో 110 మందికి, అంటే 87 శాతానికి, ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. 12 నుంచి 24 గంటల మధ్య చూసినవారిలో ఆ సంఖ్య 65 శాతానికి పడిపోయింది. గడ్డ తరవాత ఏర్పడేదే అయితే సమయం గడిచేకొద్దీ పెరగాలి కదా, ఇక్కడ తగ్గుతోంది! కొందరిలో గడ్డ తనంతట తానే కరిగిపోతోందన్నమాట. గడ్డ ఉన్నట్టు యాంజియోగ్రఫీలో అనిపించిన 59 మందికి అత్యవసర బైపాస్ చేస్తూ, ధమనిలోకి కొసన చిన్న బుడగ ఉండే సన్నటి గొట్టాన్ని దూర్చి లాగితే 52 మందిలో గడ్డ చేతికే వచ్చింది. వాదన అక్కడితో దాదాపు ముగిసింది.

గడ్డను కరిగించే మందు మాత్రం ఎప్పుడో సిద్ధంగా ఉంది. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా నుంచి వచ్చే ఒక పదార్థం గడ్డకట్టిన ఫైబ్రిన్‌ను కరిగిస్తుందని విలియం టిలెట్ 1933లోనే గమనించారు. అదే స్ట్రెప్టోకైనేజ్. 1950ల చివర్లో షెర్రీ, ఫ్లెచర్ అనే వైద్యులు దాన్ని గుండెపోటు రోగులకు ఇచ్చి చూశారు. తరవాత ఐరోపాలో జరిగిన పరీక్షల్లో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. చాలా పరీక్షల్లో నొప్పి మొదలైన ఎన్నో గంటలకు మందు ఇవ్వడం అందుకు ఒక పెద్ద కారణం. ఆలస్యానికి చెల్లించే మూల్యం ఎంతో 1977లో రైమర్, జెన్నింగ్స్ అనే పరిశోధకులు కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ధమనిని 40 నిమిషాలు బిగించి వదిలితే ముప్పులో ఉన్న కండరం మందంలో 38 శాతం చచ్చింది. మూడు గంటలకు 57, ఆరు గంటలకు 71 శాతం. అసలు వదలకపోతే 85. చావు గుండె గోడ లోపలి పొర నుంచి బయటి పొరకు అలలాగా పాకుతోంది.

గడ్డే కారణమన్న డివుడ్ రుజువు, ఆలస్యం గురించి రైమర్ లెక్క, ఈ రెండూ కలిశాక పెద్ద పరీక్షలకు దారి దొరికింది. ఇటలీలో 11,806 మందితో జరిగిన గిస్సీ పరీక్ష 1986లో వెలువడింది. 21 రోజుల్లో మరణాలు మామూలు వైద్యంతో 13 శాతం, స్ట్రెప్టోకైనేజ్‌తో 10.7 శాతం. మొదటి గంటలో మందు అందినవారిలో మరణాలు 47 శాతం తగ్గాయి, ఆరు గంటలు దాటాక చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. రెండేళ్ల తరవాత ఆక్స్‌ఫర్డ్ నుంచి నడిచిన ఐసిస్-2 పరీక్షలో 17,187 మంది పాల్గొన్నారు. స్ట్రెప్టోకైనేజ్‌కు నెల రోజుల ఆస్పిరిన్ జోడిస్తే మరణాలు 13.2 శాతం నుంచి 8 శాతానికి దిగాయి. రోగులను వయసు వారీగా, జబ్బుల వారీగా విడగొట్టి ఫలితాలు చూపించమని అడిగినవారికి అలాంటి ముక్కల లెక్కలు ఎంత మోసం చేస్తాయో చూపడానికి, ఆ పరిశోధకులు రాశుల వారీగా కూడా లెక్క వేశారు. మిథున, తుల రాశులవారికి ఆస్పిరిన్ పనిచేయనట్టు వచ్చింది! పంచాంగం చూడనిదే కాలు బయటపెట్టని మనవాళ్లు ఈ పట్టికను చూసి తీరాలి.

ఆ తరవాత గడ్డను కరిగించే మరో మందు ఆల్టెప్లేస్ వచ్చింది. ఆపై, గంటా గంటన్నరసేపు ఎక్కించే పని లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో సరిపోయే టెనెక్టెప్లేస్ వచ్చింది. ధమనిలోకి గొట్టం పంపి చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్ వెంటనే అందుబాటులో ఉన్నచోట బెలూన్, స్టెంట్‌లతో ధమనిని తెరవడం వీటన్నిటికన్నా మేలని 1993 నుంచి వచ్చిన పరీక్షలు చెబుతున్నాయి. క్యాథ్‌ల్యాబ్ దూరమైనచోట ఇంజెక్షనే దిక్కు.

చచ్చిన కండరాన్ని తిరిగి మొలిపించవచ్చన్న ఆశ కూడా ఒకటి నడిచింది. మూలకణాలతో ఎలుకల గుండె కండరం మళ్లీ పెరిగిందని న్యూయార్క్‌లోని పియరో అన్వర్సా బృందం 2001లో ప్రకటించింది. 2004లోనే ఇతర ప్రయోగశాలలు తమకలా కనిపించలేదన్నాయి. చివరకు 2018లో, అన్వర్సా ఆ తరవాత పనిచేసిన ప్రయోగశాల నుంచి వచ్చిన 31 పత్రాలను ఉపసంహరించాలని హార్వర్డ్ వైద్య కళాశాల, దాని అనుబంధ ఆసుపత్రి కోరాయి. అణుపరీక్షల వల్ల గాలిలో చేరిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ కణాల్లో ఎంత ఉందో చూసి స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో వేసిన లెక్క ప్రకారం, పాతికేళ్ల వయసులో గుండె కండర కణాల్లో ఏటా ఒక శాతమే కొత్తవి వస్తాయి, 75 ఏళ్లకు అది అర శాతం కన్నా తక్కువ.

అందువల్ల ప్రస్తుతానికి లెక్కంతా గంటల్లోనే ఉంది. భారతదేశంలోని 89 ఆసుపత్రుల్లో 20,937 మంది రోగుల వివరాలు నమోదు చేసి 2008లో వెలువరించిన క్రియేట్ అధ్యయనంలో, ఆసుపత్రి గడప తొక్కాక మందు అందడానికి పట్టిన సమయం 50 నిమిషాలు. నొప్పి మొదలయ్యాక ఆ గడప తొక్కడానికి పట్టింది 360 నిమిషాలు. అది మధ్యస్థ సంఖ్య, అంటే సగంమంది అంతకన్నా ఆలస్యంగా వచ్చారు. రైమర్ కుక్కల్లో 71 శాతం కండరం చచ్చిన ఆరు గంటలు అవి. గ్యాస్ నొప్పేలెమ్మని సోడా తాగి, వాము నమిలి, ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఒక సూది వేయించుకుని, తెల్లవారాక చూద్దామనుకునేది ఆ వ్యవధిలోనే.