ముసురు రోజుల్లో కాగితం

చిన్నీకి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

ప్రాజెక్టు పేజీలు ప్రింటర్‌లో ఇరుక్కున్నాయని, వచ్చినవి కూడా దోనెల్లా వంగిపోయాయని నిన్న ఫోన్‌లో చెప్పారుగా. అమ్మని అప్పుడే కొత్త ప్రింటర్ కొనొద్దనండి. మీ ఊళ్లో వారం నుంచీ ముసురు. మీ పేపర్ రీమేమో కవరు చింపేసి కిటికీ పక్కన ఉంది. నా అనుమానం కాగితం మీదే.

పొడిగా కనిపించే కాగితంలోనూ నీళ్లుంటాయి. మామూలుగా వంద గ్రాములకు ఐదారు గ్రాములు. కాగితమంటే నారే కదా, గాలిలో చెమ్మ ఉంటే పీల్చుకుంటుంది, లేకపోతే వదిలేస్తుంది. నీళ్లు తాగిన నార పొడవు పెద్దగా పెరగదు, లావెక్కుతుంది. తయారీలో ఈ నారలు చాలావరకు ఒకే దిక్కుకు పడుకుంటాయి. దాన్ని ప్రెస్సులో గ్రెయిన్ అంటాం. చెమ్మ తగిలితే కాగితం గ్రెయిన్‌కు అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. అరచేయంత ముక్క కత్తిరించి, ఒక వైపు మాత్రమే తడిగుడ్డతో అద్ది చూడండి. గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటుంటే నారలు అటున్నట్టు.

మీది లేజర్ ప్రింటర్. అందులో టోనర్ అనే రంగు పొడి కరెంటు చార్జి వల్ల కాగితాన్ని అంటుకుంటుంది. తర్వాత బాగా వేడెక్కిన రోలర్ కింద కరిగి పట్టుకుంటుంది. చెమ్మగిల్లిన కాగితంలో చార్జి నిలవదు, అక్షరాలు వెలిసినట్టు వస్తాయి. రోలర్ వేడికి లోపలి నీళ్లు ఆవిరవుతాయి, రెండు వైపులా ఒకేలా ఆరక కాగితం వంగుతుంది, వంగింది దారిలో ఇరుక్కుంటుంది. మరీ ఎండిపోయినా కష్టమే. షీట్లు ఒకదానికొకటి అతుక్కుని రెండేసి లోపలికి వెళ్తాయి.

ప్రెస్సులో ఆఫ్‌సెట్ అనే పెద్ద అచ్చు మెషీన్ మీద నేను దీనితో పడ్డ బాధ ఇప్పటికీ మర్చిపోలేను. క్యాలెండర్ల సీజన్, బయట తుపాను వాన. మాది రెండు రంగుల మెషీన్, నాలుగు రంగులు పడాలంటే కాగితం రెండుసార్లు వెళ్లాలి. లక్ష్మీదేవి బొమ్మకు సాయంత్రం నలుపు, నీలం వేసి, పేపర్ దొంతర మీద పాలిథిన్ కప్పకుండా ఇంటికెళ్లిపోయాను. పొద్దున్నకి అంచులు అప్పడంలా అలలు తేలాయి. అలాగే ఎరుపు, పసుపు వేశాను. షీటుకు ఆరు బొమ్మలు. నడిమి రెండూ చక్కగా వచ్చాయి. అంచుల్లోని నాలుగింటిలో, రాత్రి కాగితం సాగిపోవడంతో, అమ్మవారి బొట్టు కనుబొమల మధ్య నుంచి పక్కకు జరిగింది. జరిగింది అర మిల్లీమీటరే, కానీ ముఖం మీద అది ఎవరికైనా తెలిసిపోతుంది. మొత్తం మళ్లీ వేశాం. ఆ తర్వాత మెషీన్ గదిలో గాలి తేమ 50 శాతం దగ్గర ఉందో లేదో చూడకుండా నేను రంగు ఎక్కించలేదు.

ఇంకో సంగతి. 1450ల్లో గూటెన్‌బర్గ్ బైబిల్ అచ్చేసినప్పుడు కాగితాన్ని కావాలనే తడిపేవారు. చేత్తో చేసిన ఆ గట్టి కాగితం తడిస్తే మెత్తబడి, సీసపు అక్షరాల మీది సిరాను బాగా పట్టుకునేది. చెమ్మ ఉండటం తప్పు కాదర్రా, పని మధ్యలో అది మారిపోతేనే చిక్కు.

ఇప్పుడు ఆ రీమ్ పక్కన పెట్టి కొత్తది తెప్పించండి. కవరు విప్పకుండా ఒక రోజు ప్రింటర్ ఉన్న గదిలోనే ఉంచండి. కావలసినన్ని షీట్లే తీసి, మిగతావి కవరు మడిచి టేపు వేయండి. ట్రేలో రాత్రంతా కాగితం వదలొద్దు. పేజీలు సరిగ్గా వస్తే మొదటిది నాకు పోస్టులో పంపండి, చేత్తో పట్టుకుని చూడాలనుంది.

మీ తాతయ్య